రెండు సాకెట్ల కంప్యూటర్లో గేములు ఎందుకు నెమ్మదిస్తాయి

ఆఫీసులూ డేటా సెంటర్లూ వదిలించుకున్న రెండు ప్రాసెసర్ల వర్క్‌స్టేషన్లు సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతుంటాయి. కాగితం మీద వాటి లెక్క ఘనంగా ఉంటుంది: రెండు ఇంటెల్ జియాన్ ఈ5-2670లు, మొత్తం 16 కోర్లు, 32 థ్రెడ్లు (ఒకేసారి నడపగల పని వరుసలు), 40 మెగాబైట్ల ఎల్3 క్యాష్ మెమరీ (చిప్‌లోనే ఉండే చిన్న, వేగవంతమైన నిల్వ), ఎనిమిది ర్యామ్ చానళ్లు (ర్యామ్‌కు వెళ్లే దారులు). పక్కన పెడితే 6 కోర్ల ఏఎండీ రైజెన్ 5 5600 వెలవెలబోతుంది. రెండింటికీ ఒకే గ్రాఫిక్స్ కార్డు తగిలించి గేమ్ ఆడితే మాత్రం దాదాపు ప్రతిసారీ ఆ 6 కోర్ల చిప్పే ముందుంటుంది. ఒక్కో కోర్ వేగంలో అది ఈ జియాన్‌కు దాదాపు రెట్టింపు. అయితే 2012 నాటి చిప్ పాతబడిపోవడం ఇందులో సగం కారణమే. ఇవాళ్టి సరికొత్త సర్వర్ ప్రాసెసర్లు రెండు పెట్టినా గేముల్లో ఇదే కథ. మిగతా సగం కారణం రెండు సాకెట్ల (ప్రాసెసర్లు కూర్చునే గూళ్ల) నిర్మాణంలోనే ఉంది.

ముందుగా ఒక గందరగోళం తీర్చుకోవాలి. డ్యూయల్ కోర్ వేరు, డ్యూయల్ ప్రాసెసర్ వేరు. ఒకే చిప్‌లో రెండు కోర్లుంటే డ్యూయల్ కోర్. 2005లో పెంటియం డీ, ఆథ్లాన్ 64 ఎక్స్2 వచ్చాక ఇళ్లలోని కంప్యూటర్లకు అది మామూలైపోయింది. మదర్‌బోర్డు మీద రెండు వేర్వేరు సాకెట్లుండి, ఒక్కోదాంట్లో ఒక్కో చిప్, ఒక్కోదానికి సొంత ర్యామ్, సొంత కూలర్ ఉంటే డ్యూయల్ ప్రాసెసర్. ఇక్కడ మాట్లాడుకునేది రెండోదాని గురించి. రెండు గ్రాఫిక్స్ కార్డులు కలిపి వాడే ఎస్ఎల్ఐతో దీనికేమీ సంబంధం లేదు.

ఫ్రేమ్ గడువు

సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు దక్కేది 16.7 మిల్లీసెకన్లు. 144 ఫ్రేములైతే 6.9 మిల్లీసెకన్లు. ఆ కాస్త సమయంలో ప్రాసెసర్ ఆటగాడు నొక్కిన బటన్ చదవాలి, పాత్రల స్థానాలు మార్చాలి, ఏది దేన్ని ఢీకొందో లెక్కగట్టాలి, తెరమీద ఏది కనబడుతుందో ఏది కనబడదో తేల్చాలి, ఆ తర్వాత గ్రాఫిక్స్ కార్డుకు ఏం గీయాలో ఆదేశాలివ్వాలి. ఈ పనులన్నీ ఒకదాని ఫలితం మీద ఒకటి ఆధారపడినవే. పాత్ర ఎక్కడుందో తేలకుండా అది గోడకు తగిలిందో లేదో తేల్చలేం, అది తేలకుండా గీయమని చెప్పలేం.

అందుకే గేమ్ ఇంజన్లలో ఒకటి రెండు బరువైన థ్రెడ్లు, వాటి చుట్టూ చిన్న పనులు చేసిపెట్టే థ్రెడ్లు ఉంటాయి. అన్‌రియల్ ఇంజన్‌నే చూస్తే గేమ్ థ్రెడ్, రెండర్ థ్రెడ్, ఆర్‌హెచ్ఐ థ్రెడ్ (గ్రాఫిక్స్ కార్డుకు ఆదేశాలు పంపేది) అని మూడు ప్రధానమైనవి. వీటిలో ఏది ఆలస్యమైతే ఫ్రేము అంత ఆలస్యమవుతుంది. 2015లో డైరెక్ట్‌ఎక్స్ 12, 2016లో వల్కన్ (గేములు గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడే పద్ధతులు) వచ్చాక గీయమనే ఆదేశాలు తయారుచేసే పనిని చాలా కోర్లకు పంచే వీలు పెరిగింది. గేమ్ థ్రెడ్ బరువు మాత్రం అలాగే ఉండిపోయింది.

1967లో జీన్ ఆమ్‌డాల్ చెప్పిన సూత్రంతో లెక్క వేసి చూద్దాం. ఒక ఫ్రేము పనిలో 60 శాతాన్ని ఎన్ని కోర్లకైనా సమంగా పంచవచ్చు, 40 శాతం మాత్రం ఒకే వరుసలో నడవాలి అనుకుందాం. ఒక కోర్‌తో పోలిస్తే 8 కోర్లలో వేగం 2.1 రెట్లు అవుతుంది. 16 కోర్లలో 2.29 రెట్లు. అంటే కోర్లు రెట్టింపు చేస్తే దక్కిన లాభం 9 శాతం లోపే. కోర్లు అనంతంగా పెంచుకుంటూ పోయినా 2.5 రెట్లు దాటదు. అదే, కోర్ల సంఖ్య ముట్టుకోకుండా ఒక్కో కోర్‌ను 30 శాతం వేగవంతం చేస్తే వరుస పని, పంచిన పని రెండూ 30 శాతం వేగంగా అయిపోతాయి. పైగా ఈ 9 శాతం కూడా రెండో చిప్‌తో మాట్లాడటానికి ఏమీ ఖర్చు కాదనుకుని వేసిన లెక్క. ఆ ఖర్చు సంగతికి తర్వాత వస్తాను.

గేములు తయారుచేసేవాళ్లు కన్సోళ్లను దృష్టిలో పెట్టుకుంటారన్నది ఇంకో విషయం. 2013 నాటి ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్‌లలో 8 కోర్లు. 2020 నాటి ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లలోనూ 8 కోర్లే, ఏఎండీ జెన్ 2 రకానివి. కాబట్టి పెద్ద గేముల పని పంపకం ఆ 8 కోర్ల చుట్టూనే జరుగుతుంది. తొమ్మిదో కోర్‌కు చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఈ విషయంలో టాస్క్ మేనేజర్ చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. 32 థ్రెడ్ల యంత్రంలో ఒక థ్రెడ్ పూర్తిగా (100 శాతం) బిగిసిపోయినా మొత్తం వాడకం 3 శాతంగా కనిపిస్తుంది. నాలుగు థ్రెడ్లు బిగిస్తే 12.5 శాతం. "ప్రాసెసర్ పదిహేను శాతం కూడా వాడటం లేదు, గ్రాఫిక్స్ కార్డే బలహీనం" అనుకుని కొత్త కార్డు కొనేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. సరైన పరీక్ష ఇలా చేయాలి: గేమ్‌లో ఒకే చోట నిలబడి రిజల్యూషన్‌ను 1440పీ నుంచి 720పీకి దించండి. ఫ్రేములు బాగా పెరిగితే అడ్డుపడుతున్నది గ్రాఫిక్స్ కార్డు. పెరగకపోతే ప్రాసెసర్, లేదా దాని ర్యామ్. సగటు ఫ్రేములతో పాటు అత్యంత నెమ్మదైన 1 శాతం ఫ్రేముల వేగాన్ని కూడా చూపే ప్రెజెంట్‌మాన్, క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ లాంటి సాధనాలు వాడండి. రెండు సాకెట్ల యంత్రాల జబ్బు ఎక్కువగా బయటపడేది ఆ 1 శాతంలోనే: సగటు బాగానే ఉంటుంది, ఆట మాత్రం ఉండుండి తడబడుతుంది.

దూరం

ఆ తడబాటు ఎక్కడ నుంచి వస్తుందో చూద్దాం. ఏఎండీ ఆప్టెరాన్ 2003లో, ఇంటెల్ రెండు సాకెట్ల జియాన్లు 2009లో ర్యామ్ కంట్రోలర్‌ను ప్రాసెసర్ లోపలికి తెచ్చాయి. అప్పటి నుంచి రెండు సాకెట్ల యంత్రంలో ర్యామ్ రెండు ముక్కలైంది: సగం మొదటి చిప్ అధీనంలో, సగం రెండో చిప్ అధీనంలో. మొదటి చిప్‌లోని కోర్‌కు రెండో చిప్ ర్యామ్‌లో ఉన్న సమాచారం కావాలంటే రెండింటి మధ్య లింకు దాటి వెళ్లి రావాలి. ఇలా దగ్గర ర్యామ్, దూరపు ర్యామ్ అనే తేడా ఉన్న నిర్మాణాన్నే నూమా అంటారు. ఒక చిప్, దాని ర్యామ్ కలిసి ఒక నోడ్.

ఆ తేడా ఎంతంటే: ఈ తరం జియాన్లలో దగ్గర ర్యామ్ నుంచి సమాచారం రావడానికి సుమారు 80 నానోసెకన్లు, దూరపు ర్యామ్ నుంచి సుమారు 130. మూడు గిగాహెర్ట్జ్‌లో నడిచే కోర్‌కు ఇవి వరుసగా 240, 390 సైకిళ్లు. అంతసేపూ ఆ కోర్ చాలావరకు చేతులు కట్టుకుని కూర్చుంటుంది. బ్యాండ్‌విడ్త్ సంగతీ అంతే. ఈ5-2670కి నాలుగు చానళ్ల డీడీఆర్3-1600తో సెకనుకు 51.2 గిగాబైట్లు అందుతాయి. రెండు చిప్‌ల మధ్య ఒక్కో క్యూపీఐ లింకు ఒక్కో దిశలో మోసేది 16 గిగాబైట్లు. లింకులు రెండున్నా సొంత ర్యామ్ వేగానికి చాలా వెనకే.

వీడియో రెండరింగ్‌కు ఇది పెద్ద సమస్య కాదు. ఒక్కో కోర్ తన ముక్క తాను తీసుకుని నిమిషాల తరబడి పని చేసుకుంటుంది. గేముల్లో థ్రెడ్లు ప్రతి ఫ్రేములో ఒకే సమాచారాన్ని ముట్టుకుంటాయి, ఒకదానికోసం ఒకటి ఆగుతాయి. ఒక చిప్‌లోని థ్రెడ్ మార్చిన విలువను రెండో చిప్‌లోని థ్రెడ్ చదవాలంటే ఆ విలువ ఉన్న క్యాష్ ముక్క లింకు దాటి రావాల్సిందే. విండోస్ షెడ్యూలర్ (ఏ పని ఏ కోర్‌లో నడవాలో నిర్ణయించే భాగం) ఒక ప్రోగ్రామ్‌ను సాధ్యమైనంత వరకు ఒకే నోడ్‌లో ఉంచాలని చూస్తుంది; థ్రెడ్లు ఎక్కువై రెండో నోడ్‌కు పొంగినప్పుడల్లా ఫ్రేము సమయం ఎగిరిపడుతుంది.

క్యాష్ మెమరీ మాటా ఇలాంటిదే. 20, 20 కలిసి 40 మెగాబైట్లు కావు. ఒక కోర్ తన చిప్‌లోని 20నే దగ్గరగా వాడుకోగలదు. దీనికి పూర్తి ఎదురు దారిలో వెళ్లింది ఏఎండీ 2022లో తెచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ: 8 కోర్లే, కానీ వాటి నెత్తిమీద అదనపు క్యాష్ పేర్చి ఎల్3ని 96 మెగాబైట్లు చేశారు. మామూలు 5800ఎక్స్ కంటే దాని గిగాహెర్ట్జ్ తక్కువే. అయినా గేముల్లో దాన్ని దాటేసింది, ఎందుకంటే కోర్ ర్యామ్ దాకా వెళ్లాల్సిన అవసరమే తగ్గింది. తర్వాత వచ్చిన 7800ఎక్స్3డీ, 9800ఎక్స్3డీలదీ అదే సూత్రం. గేమ్‌కు కావలసింది దగ్గరగా ఉన్న సమాచారం అనడానికి ఇంతకంటే సూటి రుజువు అక్కర్లేదు.

సాకెట్ ఒక్కటే అయినా లోపల దూరం ఉంటే ఇదే తంటా. 2017 నాటి థ్రెడ్‌రిప్పర్ 1950ఎక్స్ ఒకే మూత కింద రెండు 8 కోర్ల ముక్కలున్న చిప్. గేముల కోసం ఒక ముక్కలోని కోర్లను ఆపేసే "గేమ్ మోడ్"ను ఏఎండీయే ఇచ్చింది. 16 కోర్ల రైజెన్ 9 7950ఎక్స్3డీలో ఒక ముక్క మీద మాత్రమే అదనపు క్యాష్ ఉంటుంది. గేమ్ నడిచేటప్పుడు విండోస్ గేమ్ బార్ సాయంతో రెండో ముక్కను పక్కన పెడతారు. తయారుచేసినవాళ్లే సగం కోర్లను నిద్రపుచ్చుతున్నారంటే ఆలోచించాలి.

గేమర్ల కోసమే రెండు సాకెట్లు చేసిన రోజులూ ఉన్నాయి. 1999లో అబిట్ బీపీ6 బోర్డు మీద రెండు చవక సెలెరాన్లు పెట్టి నడిపేవారు. విండోస్ 98కి రెండో ప్రాసెసర్ కనిపించేదే కాదు, అందుకు ఎన్‌టీ గానీ 2000 గానీ కావాలి. ఆ ఏడాదే వచ్చిన క్వేక్ 3 అరీనాలో రెండు ప్రాసెసర్లు వాడుకునే ఎంపిక ఉన్నా అన్ని డ్రైవర్లతో అది నిలకడగా పనిచేయలేదు. 2006 నవంబరులో ఏఎండీ క్వాడ్ ఎఫ్ఎక్స్ పేరుతో రెండు డ్యూయల్ కోర్ చిప్‌లు జతచేసింది. అదే నెలలో ఇంటెల్ నాలుగు కోర్లనూ ఒకే సాకెట్లో పెట్టి క్యూఎక్స్6700ని అమ్మకానికి తెచ్చింది. 2008లో ఇంటెల్ స్కల్‌ట్రెయిల్, 2010లో ఈవీజీఏ ఎస్ఆర్-2. ప్రదర్శనలకూ బెంచ్‌మార్కు రికార్డులకూ పనికొచ్చిన యంత్రాలివి.

కొత్తగా కొనేవారికి నిర్ణయం కష్టం కాదు: ఒక సాకెట్, 6 లేదా 8 వేగవంతమైన కోర్లు, వీలైతే పెద్ద క్యాష్. మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డుకు. ఆడుతూ ప్రత్యక్ష ప్రసారం చేయాలంటే రెండో ప్రాసెసర్ కావాలనే పాత వాదన ఇప్పుడు నిలవదు. గ్రాఫిక్స్ కార్డుల్లోనే వీడియో ఎన్‌కోడర్ విడిగా ఉంటుంది.

సెకండ్‌హ్యాండ్ యంత్రం కొనేముందు

గేములతో పాటు రెండరింగ్, సాఫ్ట్‌వేర్ కంపైలింగ్ లాంటి పనులుండి, పాత రెండు సాకెట్ల యంత్రమే తీసుకోవాలనుకుంటే మొదట ఏవీఎక్స్2 సంగతి చూడండి. ఈ5 జియాన్లలో మొదటి తరానికీ రెండోదైన వీ2కీ ఈ ఆదేశాల సమితి లేదు, వీ3 నుంచి ఉంది. అంతకుముందటి ఎక్స్5600 వరుసకైతే ఏవీఎక్స్ కూడా లేదు. ఇవి తప్పనిసరి చేసిన గేమ్ అసలు తెరుచుకోదు, సెట్టింగులు తగ్గించి గట్టెక్కే అవకాశమూ ఉండదు. రెండోది సెక్యూర్ బూట్ (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే రక్షణ), టీపీఎం 2.0 (భద్రతా తాళాలు దాచే చిప్). విండోస్ 11లో వాలరెంట్ ఈ రెండింటినీ అడుగుతుంది, బ్యాటిల్‌ఫీల్డ్ 6 సెక్యూర్ బూట్ లేనిదే నడవదు. ఈ5 వరుస విండోస్ 11 ఆమోదించిన ప్రాసెసర్ల జాబితాలో లేదు, విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆన్‌లైన్ పోటీ గేములే ప్రధానమైతే ఇక్కడితో ఆపేయడం మంచిది.

ప్రాసెసర్ నంబరు జాగ్రత్తగా చదవాలి. ఈ5-1650లో గీత తర్వాతి 1 అంటే ఒక్క సాకెట్లోనే పనిచేస్తుంది. రెండు సాకెట్లకు 2తో మొదలయ్యేవి కావాలి. ఏఎండీ ఎపిక్‌లో చివర పీ అక్షరముంటే అదీ ఒంటరిదే. రెండు చిప్‌లూ ఒకే మోడల్, ఒకే స్టెపింగ్ (తయారీ సవరణ సంఖ్య) అయితే తలనొప్పి ఉండదు. గేముల కోసమైతే కోర్ల సంఖ్య చూసి మోసపోకండి: 12 కోర్ల ఈ5-2697 వీ2 గరిష్ఠ వేగం 3.5 గిగాహెర్ట్జ్, 8 కోర్ల ఈ5-2667 వీ2ది 4.0. రెండోదే మేలు. హెచ్‌పీ జడ్820లో వీ2 చిప్‌లు వేయాలనుకుంటే బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే మూల సాఫ్ట్‌వేర్‌లో) బూట్ బ్లాక్ తేదీ 2013దై ఉండాలి. 2011 తేదీ ఉన్న బోర్డు వాటిని తీసుకోదు, బయాస్ అప్‌డేట్ చేసినా ఆ తేదీ మారదు.

ర్యామ్ ఒక్కో ప్రాసెసర్‌కు నాలుగేసి, మొత్తం ఎనిమిది కర్రలు ఉండాలి. నాలుగే ఉంటే చెరి రెండు పెట్టండి. అన్నీ మొదటి చిప్ వైపే పెడితే రెండోదానికి ప్రతి చదువూ దూరపు చదువే. రిజిస్టర్డ్ (సర్వర్లలో వాడే) ర్యామ్‌నూ మామూలు ర్యామ్‌నూ కలపకూడదు, కలిపితే యంత్రం లేవదు. పవర్ సప్లైకి ప్రాసెసర్ల కోసం 8 పిన్నుల కనెక్టర్లు రెండుండాలి. బోర్డు ఎస్ఎస్ఐ ఈఈబీ కొలత అయితే 305 × 330 మిల్లీమీటర్లు, మామూలు ఏటీఎక్స్ కేసు రంధ్రాలకు సరిపోకపోవచ్చు. సరిపోని చోట మిగిలిన ఇత్తడి స్టాండాఫ్‌ను తీయకుండా బోర్డు బిగిస్తే షార్ట్ అవుతుంది. కూలర్ కొనేముందు సాకెట్ చుట్టూ ఉన్న స్క్రూల దూరం కొలవండి. ఎల్‌జీఏ 2011లో 80 × 80 చదరపుదీ, 56 × 94 ఇరుకుదీ అని రెండు రకాలు, ఒకదాని కూలర్ రెండోదానికి పట్టదు.

ఎన్‌వీఎంఈ డిస్కు (పీసీఐఈ ద్వారా తగిలే వేగవంతమైన ఎస్ఎస్‌డీ) నుంచి బూట్ కావడం ఈ తరం బోర్డుల్లో చాలావాటికి రాదు. విండోస్‌ను సాటా ఎస్ఎస్‌డీలో వేసి, గేములను ఎన్‌వీఎంఈలో పెట్టుకోవడం సులువైన మార్గం. రీసైజబుల్ బార్ (గ్రాఫిక్స్ కార్డు మెమరీ మొత్తం ప్రాసెసర్‌కు ఒకేసారి అందేలా చేసే సౌకర్యం) కూడా సాధారణంగా ఉండదు, కాబట్టి దానిమీదే ఆధారపడే ఇంటెల్ ఆర్క్ కార్డులను ఇలాంటి యంత్రంలో పెట్టకండి.

ఇప్పటికే ఉన్నవారు చేయాల్సింది

రెండు సాకెట్ల యంత్రాన్ని గేమ్ ముందు ఒక సాకెట్ యంత్రంలా ప్రవర్తించేలా చేయడమే ఇక్కడి కిటుకు. విండోస్ హోమ్ ఎడిషన్ రెండో సాకెట్‌ను వాడదు, ప్రో కావాలి. బయాస్‌లో నోడ్ ఇంటర్‌లీవింగ్ ఆపేయండి. అది నడుస్తుంటే ర్యామ్ రెండు నోడ్ల మీదా చారలు చారలుగా పరుచుకుంటుంది, ప్రతి రెండు చదువుల్లో ఒకటి దూరం వెళ్తుంది, విండోస్‌కు ఆ సంగతే తెలియదు.

గ్రాఫిక్స్ కార్డు ఉన్న స్లాటు ఏ ప్రాసెసర్‌కు చెందినదో మదర్‌బోర్డు మాన్యువల్లోని బొమ్మలో ఉంటుంది. కొన్ని బోర్డుల మీద స్లాటు పక్కనే రాసి ఉంటుంది. గేమ్‌ను ఆ ప్రాసెసర్ నోడ్‌కే కట్టేయాలి. టాస్క్ మేనేజర్ డీటెయిల్స్‌లో సెట్ ఎఫినిటీ (ప్రోగ్రామ్ ఏ కోర్లలో నడవాలో చెప్పే ఎంపిక) ద్వారా చేయవచ్చు గానీ గేమ్ మూస్తే అది పోతుంది. పైగా అప్పటికే దూరపు ర్యామ్‌లో చేరిన సమాచారం అక్కడే ఉండిపోతుంది, అందుకే మొదలయ్యేటప్పుడే కట్టడం మేలు. కమాండ్ ప్రాంప్ట్‌లో స్టార్ట్ ఆదేశానికి నోడ్ సంఖ్య జోడించి గేమ్ తెరవండి, లేదా ప్రాసెస్ లాస్సో లాంటి సాధనంలో శాశ్వతంగా నమోదు చేయండి. యాంటీ చీట్ (ఆటలో మోసాన్ని పట్టే సాఫ్ట్‌వేర్) ఉన్న గేములు ఎఫినిటీ మార్చనివ్వకపోవచ్చు. అప్పుడు లాంచర్‌కు ఎఫినిటీ పెడితే అది తెరిచే గేమ్‌కూ సాధారణంగా అదే వస్తుంది.

వేగం కోసమని బయాస్‌లో సీ-స్టేట్లను (ఖాళీ కోర్లు నిద్రపోయే స్థితులను) ఆపేసే అలవాటు ఒకటుంది. దీనివల్ల నష్టమే. ఈ5-2670 గరిష్ఠంగా 3.3 గిగాహెర్ట్జ్ అందుకునేది మిగతా కోర్లు గాఢ నిద్రలో ఉన్నప్పుడే. అందరూ మేల్కొని ఉంటే 3.0 దగ్గర ఆగుతుంది. ఎంఎస్‌కాన్ఫిగ్ బూట్ పేజీలో "ప్రాసెసర్ల సంఖ్య" గడికి టిక్ పెట్టమనే సలహా కూడా వినిపిస్తుంది. అది పరిమితి విధించడానికే తప్ప పెంచడానికి కాదు. ముట్టుకోకండి. చాలా పాత గేములు కొన్ని లాజికల్ కోర్లు (థ్రెడ్లు) మరీ ఎక్కువుంటే తెరుచుకోవు. వాటికీ ఎఫినిటీయే మందు. రెండు 18 కోర్ల ఈ5-2699 వీ3లు పెట్టినవారికి ఒక వింత లాభముంది: 72 థ్రెడ్లు 64 దాటడంతో విండోస్ 10 వాటిని రెండు గుంపులుగా విడదీస్తుంది. మామూలు ప్రోగ్రామ్ ఒక గుంపు దాటదు కనుక గేమ్ తనంతట తానే ఒక సాకెట్‌కు పరిమితమవుతుంది.

కేవలం గేములకే వాడుతుంటే రెండో ప్రాసెసర్‌ను పూర్తిగా తీసేయడమూ ఒక దారే. 115 వాట్ల చిప్, నాలుగు ర్యామ్ కర్రలు, ఒక ఫ్యాను తగ్గుతాయి. కాకపోతే దాని అధీనంలోని ర్యామ్ స్లాట్లు, పీసీఐఈ స్లాట్లు కూడా పనిచేయవు. కార్డు వాటిలో ఉంటే ముందు మొదటి ప్రాసెసర్ స్లాటుకు మార్చాలి, లేకపోతే తెర నల్లగానే ఉంటుంది.

గేముల్లో రెండు సాకెట్లు నిజంగా రాణించే సందర్భం ఒకటుంది: ఒకే పెట్టెలో ఇద్దరు ఆడటం. లినక్స్ మీద కేవీఎంతో రెండు వర్చువల్ మెషిన్లు (ఒకే యంత్రంలో విడి కంప్యూటర్లలా నడిచేవి) పెట్టి, వీఎఫ్ఐఓ ద్వారా ఒక్కోదానికి ఒక్కో గ్రాఫిక్స్ కార్డు అప్పగిస్తారు. ఒక్కో కార్డు ఒక్కో ప్రాసెసర్ స్లాటులో ఉండాలి, ఒక్కో మెషిన్ కోర్లనూ ర్యామ్‌నూ ఆ నోడ్‌కే పిన్ చేయాలి, హోస్ట్ పనులకు ఒక్కో నోడ్‌లో ఒక కోర్ వదిలేయాలి. ఎల్ఎస్‌టోపో ఆదేశంతో ఏ కార్డు ఏ నోడ్‌లో ఉందో బొమ్మగా చూడవచ్చు. అప్పుడు లింకు దాటాల్సిన పని దాదాపు ఉండదు, రెండు విడి కంప్యూటర్లలాగే నడుస్తాయి. వర్చువల్ మెషిన్‌లో నడవడానికి ఒప్పుకోని యాంటీ చీట్లు ఉన్నాయి కాబట్టి, రెండో కార్డు కొనేముందే ఇద్దరూ ఆడాలనుకునే గేముల జాబితా సరిచూసుకోండి.